ఏమన్న పోయిందా సార్?

"ఏమన్న పోయిందా సార్?"

ఇలియాస్ తలెత్తి చూశాడు. ఎదురుగా బీచ్ ఊడ్చే పెద్దాయన. నారింజరంగు జాకెట్టు, చేతిలో ఇసుక జల్లెడ.

"నాకు తెలుగొచ్చని నీకెట్లా తెలుసు?"

"ఇందాక ఫోన్ల మాట్లాడితిరి గద. ఏం పోయింది సార్?"

"ఏమీ పోలేదు. ఇది హాబీ."

హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని ఇలియాస్ ముందుకు నడిచాడు.

హాబీ అన్నది శుద్ధ అబద్ధం. మూడు వారాల క్రితం గల్ఫ్‌లోని ఇదే ఖోర్ ఫక్కాన్ బీచిలో అతని భార్య ఆఫ్రీన్ వేలి నుంచి ఉంగరం జారిపోయింది. పచ్చరాయి పొదిగిన బంగారపు ఉంగరం. కరోనాలో పోయిన వాళ్లమ్మ సర్వర్ బేగంది. అమ్మ గుర్తుగా ఆఫ్రీన్‌కు మిగిలింది అదొక్కటే.

"పోలీస్ స్టేషన్లో ఒకసారి అడుగుదాం," అంది ఆఫ్రీన్ ఆ రోజే.

"బంగారం దొరికినోడు పోయి పోలీసులకిస్తాడా? నీకేమన్నా పిచ్చా?"

పోర్టులో కంటైనర్ల సీళ్లు సరిచూసే ఉద్యోగం ఇలియాస్‌ది. ఎవరినీ ఊరికే నమ్మకూడదన్నది అతనికి ఉద్యోగంతో పాటు వచ్చిన జబ్బు.

రోలా బజారులో ఒకరి దగ్గర పాత మెటల్ డిటెక్టర్ కొన్నాడు. యూట్యూబులో పాఠాలు విన్నాడు. మిషను కింది పళ్లెం నేలకు ఆనీ ఆనకుండా తిప్పాలి. తొందరపడకూడదు. తవ్విన గుంత పూడ్చాలి. ఏం వెతుకుతున్నావో ఎవరికీ చెప్పకూడదు, చెబితే పదిమంది తయారవుతారు.

వీటిలో ఆఖరి పాఠం ఒక్కటే అతనికి బాగా వంటబట్టింది.

మొదటి శుక్రవారం కూల్‌డ్రింక్ టిన్నుల రింగులు పదిహేడు, మేకులు, పావు దిర్హం బిళ్ల ఒకటి దొరికాయి. బంగారానికీ టిన్ను రింగుకీ ఈ మిషను ఒకే కూత కూస్తుందని అప్పుడు తెలిసింది. కూసినప్పుడల్లా గుండె ఝల్లుమనేది. తవ్వితే టిన్ను రింగే.

రెండో శుక్రవారం కూడా పెద్దాయన వచ్చాడు.

"ఏమన్న పోయిందా సార్? పోతే చెప్పున్రి."

"చెప్పాను కదా, హాబీ అని."

మూడో శుక్రవారమూ అదే ప్రశ్న, అదే జవాబు.

నాలుగో వారానికి మేకు కూత ఏదో, బిళ్ల కూత ఏదో ఇలియాస్ చెవికి తెలిసిపోతోంది. నిజం చెప్పాలంటే ఆ పని మీద ఇష్టం కూడా పుట్టింది. ఆ శుక్రవారం నడుస్తూ ఎందుకో వెనక్కి తిరిగి చూశాడు.

పెద్దాయన అతను తవ్విన గుంత దగ్గరే వంగి ఉన్నాడు. ఇసుక జల్లిస్తున్నాడు. ఏదో తీసి జేబులో వేసుకున్నాడు.

అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. ఇలియాస్ పరుగున వెళ్లాడు.

"అక్కడేం చేస్తాండావు?"

"గుంతలు పూడుస్తున్న సార్. పిల్లలు ఉరుకుతరు, కాళ్లు ఇరుగుతయ్."

"జేబులో వేసుకున్నదేంది?"

"గాలం ముల్లు సార్." తీసి చూపించబోయాడు.

ఇలియాస్ చూడలేదు. అప్పటికే రోడ్డు పక్కన ఆగిన పికప్ దగ్గరికి బయల్దేరాడు. అందులో బీచ్ ఊడ్చేవాళ్ల సూపర్‌వైజర్ అంజిబాబు ఉన్నాడు.

"మీ మనిషి నా వెనకే తిరిగి, ఇసుకలో దొరికినవి జేబులో వేసుకుంటాండాడు."

"మీరు చూశారాండీ?"

"నా కళ్లారా చూసినా."

తర్వాతి శుక్రవారం నారింజరంగు జాకెట్టు కనిపించలేదు. పీడ విరగడైందనుకుని ఇలియాస్ హాయిగా ఇరవై గుంతలు తవ్వాడు.

ఆ పై శుక్రవారం ఆ ఇరవైలో ఒకదాంట్లో తనే కాలు వేశాడు.

చీలమండ బెణికి బూరెలా వాచింది. అంజిబాబు వచ్చి, రెక్క పట్టుకుని పికప్ ఎక్కించాడు.

"ఆ పెద్దాయన లేడా? గుంతలు పూడ్చే ఆయన?" అడిగాడు ఇలియాస్.

"పంపేశామండీ. జేబు తడిమితే గాలాలు, మేకులు తప్ప ఏమీ లేవు. కంప్లైంట్ వచ్చింది కదాని ముదీర్, అదే మా పై మేనేజరు, ఇంక వినలేదు. వీసా కాన్సిల్, ఖలాస్. మొన్ననే ఫ్లైట్ ఎక్కాడు."

ఇలియాస్‌కు కాలి నొప్పి కన్నా ఆ మాటే ఎక్కువ బాధపెట్టింది. తప్పు చేశానని తెలిసింది. ఇంట్లో చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

కట్టు కట్టించుకుని వచ్చిన భర్తను ఈసారి ఆఫ్రీన్ అడగలేదు. చెప్పింది.

"అటో ఇటో, స్టేషన్‌కు పోదాం పద."

కౌంటర్లో ఆఫీసర్ ఉర్దూలో అడిగాడు. "ఏం పోయింది?"

"ఉంగరం. పచ్చరాయిది," అంది ఆఫ్రీన్.

అతను లోపలికెళ్లి ఒక కవరు తెచ్చి విప్పాడు. ఉంగరం చూడగానే ఆఫ్రీన్ ఏడ్చేసింది.

"ఎవరిచ్చారు?" అడిగాడు ఇలియాస్.

"లచ్చన్న అని, బీచ్ ఊడ్చే పెద్దమనిషి. రెండు నెలల కిందటే తెచ్చిచ్చాడు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఏం దొరికిందో ఎవరికీ చెప్పొద్దన్నది మేమే. చెబితే పదిమంది మాదేనంటారు. ఏమైనా పోయిందా అని మాత్రం అడుగుతూ ఉండమన్నాం."

ఇలియాస్ చేతికి పెన్ను అందించి, ఆఫీసర్ సంతకానికి కాగితం ముందుకు జరిపాడు.

"సొంతదారు వచ్చాడా అని ప్రతి శుక్రవారం డ్యూటీ దిగగానే వచ్చి అడిగేవాడు, రెండు వారాలుగా రావడం లేదు, మీకు కనిపిస్తే ఉంగరం చేరిందని చెప్పండి."