గాలి తాగే డబ్బా

స్నానాల గది కిటికీలోంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది.

మూసి ఉన్న రెండో రెక్కను మెల్లగా నెట్టింది.

లోపల బట్టలు నానేస్తున్న కూతురు కెవ్వుమని అరిచింది.

తల్లి కుట్టుమిషను వదిలేసి పరుగెత్తింది. అప్పటికే వెనక సందులో చెప్పుల చప్పుడు దూరమైపోతోంది.

"ఎవడే?"

"వాడేనమ్మా. ఆ గాలాయన!"

తల్లి కిటికీ రెక్కలు లాగి గడియ పెట్టింది.

ఆ మనిషి అంతకుముందే ఒకసారి వీధి గుమ్మంలోకి వచ్చాడు. మాసిన గడ్డం, భుజాన సంచి. ఎక్కడివాడో ఎవరికీ తెలియదు.

"అమ్మా, మీ స్నానాల గదిలో వేడినీళ్ల డబ్బా కొత్తదేనా?"

"కొత్తదే. ఏం, కొంటావా?"

"దాన్ని వాడకండి తల్లీ. తప్పదంటే కిటికీ తెరిచి పెట్టండి. అది గాలి తాగేస్తుంది."

పక్కనే గుండీలు కుడుతున్న అత్తగారు పడీపడీ నవ్వింది.

"తాగనీ నాయనా! మా ముసలాయన తాగినదాని కంటే నయమేగా!"

వీధి వీధంతా ఆ మాటకు నవ్వుకుంది. గాలాయన అన్న పేరు అలా అంటుకుంది.

గ్యాసుతో నీళ్లు కాచే ఆ డబ్బా అక్కడ ఇంటింటా ఉంది. పాతవి ఉన్నట్టుండి భగ్గుమనేవి. ఎవరో కేసు వేస్తే, కోర్టు కంపెనీకి గట్టిగా గడ్డి పెట్టింది. కంపెనీ వాళ్లే వచ్చి పాతవి ఊడబెరికి, కొత్తవి ఊరికే బిగించి పోయారు. కొత్తవి భగ్గుమనవు, చప్పుడు చెయ్యవు. బుద్ధిమంతుల్లా ఉన్నాయని అందరూ మురిసిపోయారు.

గాలాయన మాత్రం వెనక సందులో తిరుగుతూనే ఉన్నాడు. వరసగా స్నానాల గదుల కిటికీలనే చూస్తూ నిలబడేవాడు. ఆడపిల్ల తల్లికి గుండె దడ పట్టడానికి అంతకంటే ఏం కావాలి? ఆమె కత్తెర చేతికి అందేలా పెట్టుకుని కుట్టేది. సందులో ఆకు కదిలినా కుట్టు తప్పేది.

ఇప్పుడు చెయ్యే లోపలికి వచ్చింది.

సాయంత్రం భర్త బస్సు డ్యూటీ దిగి వచ్చాడు. సంగతి విని మొహం కందగడ్డ చేసుకున్నాడు.

"వాణ్ణి పట్టుకున్నానంటే తోలు వలుస్తాను."

"ముందు ఆ కిటికీ సంగతి చూడండి."

అతను గాజు రెక్కలకు మేకులు దిగ్గొట్టాడు. ఆమె కత్తిరించగా మిగిలిన గుడ్డ పీలికలు తెచ్చి, సందుల్లో గట్టిగా కుక్కింది. చీమ కూడా దూరకూడదు.

వాళ్లను చూసి చుట్టుపక్కల వాళ్లూ మేకులు కొట్టుకున్నారు.

మర్నాడు పొద్దున కూతురు స్నానానికి వెళ్లింది. తల్లి మిషను తొక్కుతూ చెవి అటే వేసి ఉంచింది. నీళ్లు పడుతున్నాయి. హమ్మయ్య, ఇక భయం లేదనుకుంది.

భళ్లున గాజు పగిలింది.

"దొరికాడు! దొరికాడు!"

భర్త ఒక్క గెంతులో సందులోకి దూకాడు. ఇరుగుపొరుగు వాళ్లూ వచ్చిపడ్డారు. గాలాయన చేతిలో ఇటుకముక్క ఉంది. దెబ్బ మీద దెబ్బ పడుతున్నా తల కాచుకోలేదు. కిటికీ వైపే చెయ్యి చాపాడు.

"నన్ను తర్వాత కొట్టండయ్యా! పిల్లని చూడండి! నీళ్ల చప్పుడే ఉంది, చెంబు చప్పుడు లేదు!"

ఆ మాట ఇంట్లో ఉన్న తల్లి చెవిన పడింది.

నిజమే. నీళ్లు పడుతూనే ఉన్నాయి. చెంబు మోగడం లేదు.

"అమ్మాయీ!"

పలుకు లేదు.

"ఒసే అమ్మాయీ! తలుపు తియ్యవే!"

భర్త పరుగున వచ్చి తలుపు తన్నాడు. గడియ ఊడింది. పిల్ల నేల మీద వాలిపోయి ఉంది. పగిలిన కిటికీలోంచి చల్లగాలి దాని మొహాన తగులుతోంది.

దుప్పటి చుట్టి ఆస్పత్రికి మోసుకెళ్లారు. తల్లి దారి పొడుగునా పిల్లను పిలుస్తూనే ఉంది.

పిల్ల కళ్లు తెరిచాక డాక్టరమ్మ అడిగింది.

"కిటికీ ఎవరు పగలగొట్టారు?"

భర్త ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఎవరైతేనేం, చేతులెత్తి మొక్కండి. మూసిన గదిలో ఆ డబ్బా వెలిగితే గాలి విషమైపోతుంది. వాసన రాదు, కంటికి కనపడదు. ఇంకాస్త ఆలస్యమైతే పిల్ల మీకు దక్కేది కాదు."

భర్త తన పిడికిళ్లు చూసుకున్నాడు. మరుక్షణం ఇంటిదారి పట్టాడు, ఇంటింటి కిటికీకీ మేకులు పీకడానికి.

తల్లి అత్తగారిని పిల్ల దగ్గర కూర్చోబెట్టి పోలీసు స్టేషనుకు పరుగు తీసింది. జనం ఆ మనిషిని అక్కడే అప్పగించారట.

స్టేషనులో గోడవార బల్ల ఖాళీగా ఉంది.

"ఆయనేడి బాబూ?"

"కట్టు కట్టించి పంపించేశాను" అన్నాడు కానిస్టేబులు.

"ఎక్కడికెళ్లాడు?"

"చెప్పలేదమ్మా. ఇంకా చాలా ఊళ్లు ఉన్నాయన్నాడు."



"మా మీద... కేసు పెట్టాడా?"

"రాసుకోమంటావా అని నేనే అడిగాను. నెత్తురోడుతూ కూడా వద్దన్నాడు. ఒక కేసు గెలిచాను బాబూ, చాలన్నాడు."

"ఏం కేసు?"

కానిస్టేబులు టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"మీ అందరికీ కొత్త డబ్బాలు తెచ్చిపెట్టిన కేసేనమ్మా, గెలిచినాయన కదా అని కంపెనీ వాళ్లు ఫొటో దిగి మరీ మొదటి డబ్బా ఆయన ఇంట్లోనే బిగించారట, ఆ నీళ్లతో మొదట స్నానానికి వెళ్లి మళ్లీ తలుపు తియ్యనిది ఆయన కూతురట."