సోమరి పెళ్ళాం లోయ

"పేరు మార్చేస్తే నా మగ్గుల సంగతేంటి?" అంది నీవా.

సోమరి పెళ్ళాం లోయలో ఉన్న ఒకే ఒక్క కాఫీ హోటలు నీవాది. ఆ పేరు అచ్చేసిన కాఫీ మగ్గులు ఆవిడ అలమర నిండా ఉన్నాయి. ఆ పేరు చూసి నవ్వుకుని కార్లు ఆపేవాళ్ళే లేకపోతే, వెస్ట్ వర్జీనియా కొండల్లో ఈ మూలకి కాకి కూడా రాదని ఆవిడ వాదన. చాలా తలలు ఔనన్నట్టు ఊగాయి.

అది శనివారం ఉదయం. నెలకోసారి ఊరంతా కలిసి పాన్‌కేకులు తినే రోజు. ఫైరింజన్ని బయటికి తోసి, ఆ షెడ్డులోనే బల్లలు వేశారు. తినడం అయ్యాక మీటింగు. పిండి కలపడానికి తెల్లవారకముందే వచ్చిన ఆడవాళ్ళలో డెల్ఫియా ఒకతె. పేరు మార్చమని అర్జీ పెట్టింది కూడా ఆవిడే. ఏప్రాన్ విప్పకుండానే లేచి నిలబడింది.

ఊరి బోర్డు ఆవిడ గేటు పక్కనే ఉంది. కట్టెల మోపు ఎత్తుకుని వస్తుంటే కార్లవాళ్ళు ఆపి, ఫోటో కోసం కాసేపు దాని కింద కాళ్ళు చాపుకుని కూర్చోమని అడుగుతుంటారు. ఊరు పేరు ఆవిడని చూసే పెట్టారా అని అడిగినవాళ్ళూ ఉన్నారు.

ఊరి కమిటీ అధ్యక్షుడు హోబర్ట్, గుడ్లు ఉడికే టైము చూసుకునే గంట గడియారం తిప్పి బల్ల మీద పెట్టాడు. ఎవరికైనా మూడు నిమిషాలే, అది రూలు. ఆయనకి మాత్రం ఆ రూలు ఇంతవరకూ తగల్లేదు.

"ఆర్విల్, మీ ఆవిడని కాస్త కూర్చోబెట్టలేవా?" అన్నాడు వెనకనుంచి ఎవరో.

"ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురం నాది. ఆవిడ కూర్చోగా నేనింతవరకూ చూళ్ళేదు" అన్నాడు డెల్ఫియా మొగుడు ఆర్విల్, ఖాళీ కప్పు ఆవిడ వైపు జరుపుతూ.

అందరూ నవ్వారు. డెల్ఫియా కప్పు నింపింది. ఆ తర్వాతే సంచీలోంచి తమ ఇంటి బైబిలు తీసింది. ఆ కొండల్లో ఏ ఇంట్లోనైనా పుట్టినవాళ్ళ పేర్లూ, పోయినవాళ్ళ పేర్లూ రాసుకునేది బైబిలు మొదటి పేజీల్లోనే. వాటికన్నా గట్టి సాక్ష్యం అక్కడ ఎవరికీ తెలియదు.

దానితోపాటు ఒక కాగితం కూడా తీసింది. సర్వేవాళ్ళ పాత పుస్తకంలోంచి నకలు రాయించుకొచ్చింది. ముందు అదే చదివింది.

"పద్దెనిమిది వందల డెబ్భై తొమ్మిది, మార్చి పదకొండు, మంగళవారం. లోయలో ఒకటే ఇల్లు. యజమాని ఎజ్రా. భోజనం అడిగితే లేదన్నాడు. పెళ్ళాం వట్టి సోమరిది, మూడు రోజులుగా మంచం దిగలేదని చెప్పాడు. లోయకి ఆ పేరే రాశాను."

"అదే కదా మేమూ చెప్పేది" అన్నాడు ఆర్విల్.

డెల్ఫియా బైబిలు తెరిచి వేలు పెట్టింది.

"అదే ఏడాది మార్చి ఎనిమిది, శనివారం. ఎజ్రా భార్య తాబితాకి పదకొండో బిడ్డ, మగపిల్లవాడు." ఆగింది. "ఆ పిల్లవాడు మా తాత."

వేలు ఒక వరస కిందికి జరిపింది.

"మార్చి పన్నెండు, బుధవారం. తాబితా పోయింది. వయసు ముప్ఫై రెండు."

గడియారం గణగణ మోగింది. దాన్ని ఎవరూ ఆపలేదు. అదే మోగీ మోగీ ఊరుకుంది.

మగ్గులన్నీ తన చేత్తోనే పగలగొడతానంది నీవా, ఏడుపు గొంతుతో. పేరు తీసేయాలనేవాళ్ళు చేతులెత్తమన్నాడు హోబర్ట్. షెడ్డులో లేవని చెయ్యి లేదు. ఆర్విల్ చెయ్యి కూడా లేచింది, ఫోర్కుతో సహా.

అయితే మ్యాపులో జాగా ఖాళీగా వదలకూడదు. కొత్త పేరు అప్పటికప్పుడే తేల్చాలి, లేకపోతే ఉత్తరాలు రావు. డెల్ఫియా 'తాబితా లోయ' అని చీటీ రాసి ఇచ్చింది. ఇంకో చీటీ ఎవరూ ఇవ్వలేదు. పేరు ఖాయం చెయ్యాల్సిన కమిటీలో ఉన్న ఐదుగురు మగవాళ్ళూ ఆ చీటీ పట్టుకుని, ఒక చెక్కా రంగుడబ్బా తీసుకుని ఫైరింజను వెనక్కి వెళ్ళారు.

చాలాసేపు రాలేదు. డెల్ఫియా ఎంగిలి పళ్ళాలు కడుగుతూ వింటోంది. బయట ఎవరో గట్టిగా ముక్కు చీదారు. అది హోబర్టే. తన తండ్రిని పూడ్చిన రోజు కూడా ఏడవని మనిషి. ఆవిడ మనసు మెత్తబడింది. వాళ్ళ గురించి ఇన్నేళ్ళూ అనుకున్న మాటల్లో కనీసం సగం వెనక్కి తీసుకుంది.

ఐదుగురూ తిరిగి వచ్చారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మమ్మల్ని ఏడిపించేశావు డెల్ఫియా" అన్నాడు హోబర్ట్. "పదకొండుమంది పిల్లలు, అందులో ఒకడు పొత్తిళ్ళలో పసిగుడ్డు. ఆ చలి, ఆ లోయ. ఆ మనిషి పడ్డ కష్టం తలుచుకుంటే మాకు నోట మాట రాలేదు. అన్ని కష్టాలు పడ్డ మనిషిని ఇన్నాళ్ళూ మనం ఒక్కసారైనా తలుచుకోలేదు. ఇవాళ ఆ తప్పు దిద్దుకుంటున్నాం. ఐదుగురిదీ ఒకటే మాట."

డెల్ఫియా చేతులు తుడుచుకుని ముందుకి వచ్చింది. నీవా ఆవిడ భుజం పట్టుకుంది. హోబర్ట్ రంగు ఇంకా ఆరని చెక్కని జాగ్రత్తగా జనం వైపు తిప్పాడు.

'పాపం ఎజ్రా లోయ.'