ఇంటికి పంపేదాకా

ఆ ఆదివారం ఇంట్లో అందరూ ఉన్నారు. చేతికి కట్టుతో మంచం మీద నానమ్మ, ఆమెకు ముద్దలు కలిపి పెడుతున్న అమ్మ, సెలవులో ఉన్న నాన్న, ఎవరేమన్నా నవ్వడానికి సిద్ధంగా తమ్ముడు, గుమ్మంలో కుతకుత ఉడికిపోతున్న నత్త.

ఎవరైనా పలకరిస్తే చాలు లోపలికి ముడుచుకుపోతుందని అక్కకి తమ్ముడు పెట్టిన పేరది. అలాంటి పిల్ల ఇవాళ ఇల్లెగిరిపోయేలా అరుస్తోంది.

"నానమ్మ కాలు బస్సు మెట్టు మీద ఉండగానే ఆ డ్రైవరు తలుపు వేసేశాడు! పడిపోతే వెనక్కైనా చూడకుండా పోయాడు! వాణ్ణి ఇంటికి పంపేదాకా నేను ఊరుకోను."

"పోనీలేవే. చూసుకోలేదేమో," అంది నానమ్మ.

"మరి అద్దాలెందుకున్నాయమ్మా?" నాన్న కస్సుమన్నాడు. ఆయన నగర బస్సుల సంస్థలోనే డ్రైవరు. "మా బస్సులూ మార్కెట్ స్టాపులో ఆగుతాయి. మావాళ్ళెవరూ ఇంత పని చెయ్యరు. ఇంతకీ ఏ రంగు బస్సది?"

నానమ్మ నోట్లో ముద్ద మింగింది. "నీలం."

"చెప్పానా! మా డిపోవన్నీ ఆకుపచ్చవి. అవతలి డిపో వెధవన్నమాట. ఇలాంటివాళ్ళ వల్లే మా అందరికీ చెడ్డపేరు."

నత్త అదే సంస్థలో ఇంటర్న్. ఫిర్యాదుల విభాగంలో ఫోనెత్తి, "మీ ఫిర్యాదు నమోదైందండీ" అనడమే పని. ఆ ముక్కైనా గోడవైపు తిరిగి గొణిగేది. సోమవారం మాత్రం తిన్నగా వెళ్ళి ఆ విభాగం చూసే మేడం బల్ల ముందు నిలబడింది.

మేడం అంతా విని కళ్ళజోడు తీసింది. "ఆ రోజు ఆ స్టాపుకి నీలం బస్సులేవీ రాలేదమ్మాయ్."

"అంటే మా నానమ్మ అబద్ధం చెబుతోందా?" నత్త గొంతు లేచింది. పక్క బల్లలవాళ్ళు తలలెత్తారు. "పెద్దావిడ చెయ్యి విరిగితే, మీకు రంగు కావాలా? పొద్దస్తమానం నాచేత నమోదైంది, నమోదైంది అనిపిస్తారు. ఒక్కణ్ణయినా ఏమైనా చేశారా?"

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. అయినా అక్కణ్ణుంచి కదల్లేదు.

మేడం కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "స్టాపులో కెమెరా ఉంది. అవును, పడ్డాను అని మీ నానమ్మ ఫోన్లో నాతో ఒక్కమాట చెబితే చాలు. చూసి, ఎవడైనా సరే, ఇంటికి పంపించేస్తా."

సాయంత్రం నత్త చెప్పులు కూడా విప్పకుండా నానమ్మ ముందు వాలింది.

"నీలం అని ఎందుకు చెప్పావు?"

"అయితే ఎర్రదేమోనే."

"అసలు ఎర్ర బస్సులే లేవు నానమ్మా!"

"చెయ్యితోపాటు కళ్ళు కూడా విరిగాయేమోనే అక్కా," అన్నాడు తమ్ముడు.

"నువ్వు నోర్ముయ్! నానమ్మా, మేడంతో ఒక్కమాట చెప్పు. వాడి పని అయిపోతుంది."

"వాణ్ణి ఇంటికి పంపిస్తే, ఆ ఇంట్లోవాళ్ళు ఏం తింటారే?"

"మన్ను తింటారు!"

నానమ్మ ఆమె ముఖంలోకి అదోలా చూసింది. లేచి మెల్లగా తన గదివైపు నడిచింది. నత్త మేడం నంబరు నొక్కి, ఫోను పట్టుకుని వెంటపడింది.

"నీ బతుకంతా ఇంతేగా! తిట్టినవాడికీ దండం, తోసినవాడికీ దండం! నీలాంటివాళ్ళని చూసే వాళ్ళకి కొవ్వెక్కుతోంది!"

నాన్న అప్పుడే డ్యూటీ దిగి వచ్చి ముందుగదిలో ఖాకీ చొక్కా విప్పుతున్నాడు. అక్కణ్ణుంచే కేకేశాడు. "భయపడకమ్మా, చెప్పెయ్! అలాంటివాడు మళ్ళీ స్టీరింగు పట్టకూడదు!"

నత్త చేతిలోని ఫోన్లో అవతల మేడం ఫోను మోగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

నానమ్మ మనవరాలి భుజం మీదుగా కొడుకుని చూసింది. బాగున్న చేత్తో తలుపు రెక్క పట్టుకుంది. నత్త ముఖం మీదే దాన్ని మూసేస్తూ, ఆఖరి సందులోంచి, కొడుక్కి వినబడకుండా అంది.

"మీ నాన్న బస్సెక్కాలని ముచ్చటపడ్డానే."