మూడో ప్రకటన

"సోడాలోకి ఏం తెమ్మంటరు సార్?"

"సోడాలోకి ఏమీ వద్దు. సోడానే తే," అన్నాడు జ్ఞానశేఖర్.

సర్వర్ ఆయన్నీ, పక్కన కొంగు నిండుగా కప్పుకుని కూర్చున్న ఆయన భార్య మేబెల్‌నీ వింతగా చూసి వెళ్లాడు.

చూడడూ మరి! శనివారం సాయంత్రం సికింద్రాబాద్ స్టేషన్ ఎదుటి బారుకొచ్చి ఉత్త సోడా అడిగే మొగుడూ పెళ్లాలు ఎక్కడుంటారు? జ్ఞానశేఖర్ పుట్టి బుద్ధెరిగాక దగ్గుమందు సీసా తప్ప ఇంకో సీసా మూత తీసిన మనిషి కాదు.

వాళ్లు గుడివాడ నుంచి వచ్చింది తాగడానికి కాదు. మేబెల్ చెల్లెలు కాంతమణికి ఈ ఊళ్లో సంబంధం కుదిరింది. రెండు ఆదివారాలు చర్చిలో పెళ్లి ప్రకటన చదివారు. రేపు మూడోది, ఆఖరిది. అభ్యంతరం ఉన్నవాళ్లు రేపే నోరు విప్పాలి. ఆ తర్వాత విప్పినా ఆవలించడానికే.

సరిగ్గా మొన్న ఎవరో ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశారు. "పెళ్లికొడుకు రోజూ బారులో కనబడతాడు, చూసుకోండి" అని పెట్టేశారు.

మేబెల్‌కి అప్పటి నుంచి నిద్ర లేదు. వాళ్ల నాన్న తాగి తాగి పోయినవాడే.

సోడా రాగానే ఆమె కొంగు చాటు నుంచి ఫోటో తీసింది.

"బాబూ, ఈ అబ్బాయిని ఎప్పుడైనా చూశావా?"

"గీయననా? దినాం వస్తడమ్మా."

మేబెల్ సోడా ముట్టకుండానే లేచింది.

రెండో బారులో గల్లాపెట్టె దగ్గరాయన ఫోటో వంక చూసీ చూడకముందే అన్నాడు, "ఎరుకే. మాపటికి అన్ని బార్లు ఒక చుట్టు కొడ్తడు."

"చుట్టు కొడతాడట! విన్నారా?" అంది మేబెల్.

"విన్నానే. ఇంకొక్కచోట అడుగుదాం."

"ఇంకా దేనికండీ, చెల్లెల్ని నూతిలోకి తొయ్యడానికా?"

గల్లాపెట్టె పక్కనే మాసిన గడ్డం మనిషి ఒకడు ఫోటోలోకి తొంగి చూస్తున్నాడు. వాళ్లు బయటపడగానే వెనకే బయటపడ్డాడు. వాళ్లు రోడ్డు దాటితే దాటాడు.

"ఏవండీ, వాడెవడో మన వెనకే వస్తున్నాడు."

"గొలుసు లోపలికి వేసుకో. వెనక్కి చూడకు."

మూడో బారులోకి దూరి కూర్చున్నారో లేదో, ఆ మనిషి వచ్చి ఎదుటి కుర్చీలో కూలబడ్డాడు.

"గా పిలగాడు తాగడమ్మా."

జ్ఞానశేఖర్ ఉలిక్కిపడ్డాడు. "మీకెలా తెలుసు?"

"తాగెటోళ్లందరు నాకెరుకే సార్. నేను తాగుతా గదా!"

ఇంతలో అక్కడి సర్వర్ బిక్షం వచ్చాడు. టేబుల్ మీది ఫోటో చూశాడు. ఆ మనిషిని చూశాడు. "గీ పిలగాడా? గీయన..."

"పోయి నీళ్లు తే పో, బిక్షం."

బిక్షం వెళ్లిపోయాడు.

"తాగనివాడు రోజూ బార్లెందుకు తిరుగుతాడయ్యా?" అంది మేబెల్.

"వస్తడు. కూసోడు. ఒక తాగుబోతోడుండె, మా దోస్తే. వాడు తాగితే కాప్రా చెరువు ఎండిపోతదేమో అనిపిస్తుండె! యాడ వడిపోయినా గా పిలగాడే దేవులాడి, సైకిల్ మీద ఏసుకొని ఇంటికి తోల్కపోతుండె. తొవ్వ పొడుగునా వాడు తిట్టని తిట్టు లేదు. పిలగాడు తిరిగి ఒక్క మాట అన్లేదు."

"ఎవరాయన? చుట్టమా?"

ఆ మనిషి గుమ్మం వైపు చూశాడు. "ఏం చుట్టమమ్మా. మోసెటోనికి బరువు, గంతే."

"ఇప్పుడెక్కడున్నాడు?"

"సచ్చిండు."

మేబెల్ నోట గబుక్కున వచ్చేసింది. "దేవునికి స్తోత్రం!"

"అదేంటే, మనిషి పోతే స్తోత్రమంటావు?"

ఆ మనిషి పకపకా నవ్వాడు. "అననియ్యున్రి సార్. వాని పెండ్లాం సుత గదే అంటది." మళ్లీ గుమ్మం వైపు చూశాడు. "ఇగ మీ పిల్లకు వాని తక్లీఫ్ ఉండది. జల్ది పోన్రి. గిది మీ అసొంటోళ్లు కూసునే జాగ గాదు."

వాళ్లు లేచారు.

"అమ్మా, గా ఫోటో జెర ఒక్కపారి ఇస్తవా?"

మట్టి పట్టిన అతని గోళ్లు చూసి మేబెల్ చేతికివ్వలేదు. దూరం నుంచే చూపించి కొంగు చాటున పెట్టేసుకుంది. ఆ రాత్రి లాడ్జిలో హాయిగా నిద్రపోయింది.

పొద్దున గుడిలో పాస్టరుగారు చదివారు. "జకర్యా గారి కుమారుడు జీవరాజుకు, గుడివాడ వాస్తవ్యురాలు కాంతమణికి జరగబోయే వివాహాన్ని గూర్చి ఇది మూడవ ప్రకటన. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే తెలియజేయండి."

ఎవరూ లేవలేదు. జ్ఞానశేఖర్ దగ్గొచ్చినా ఆపుకున్నాడు.

ఆరాధన అయ్యాక మేబెల్ పెళ్లికొడుకు తల్లి ఎలీసబెతు దగ్గరికి నవ్వుతూ వెళ్లింది.

"అబ్బాయి కనబడడేం వదినగారూ? అన్నయ్యగారికి ఇవాళ కూడా రైల్వే డ్యూటీయేనా? ప్రధానం నాడూ రాలేకపోయారు."

ఎలీసబెతు ఆమె చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లింది.

"మీకాడ ఒకటి దాసినమమ్మా. మా ఆయనకు డ్యూటీ లేదు, గీటీ లేదు. తాగుడే. దినాం మా జీవరాజే పోయి తోల్కొస్తుండె. రాత్రి ఏ బారుల సుత దొర్కలే. పిలగాడు ఇంక స్టేషన్‌లనే దేవులాడుతున్నడు."

మేబెల్ కొంగు చాటున ఫోటోని తడుముకుంది.

"ఎవరూ... చూడలేదా?"

"బిక్షం అని సర్వర్ ఒక్కడే చూసిండంట," అంది ఎలీసబెతు కళ్లు తుడుచుకుంటూ. "ఆంధ్రా నుంచొచ్చిన ఆలుమొగలతోని నవ్వుకుంట ముచ్చట పెట్టి, వాళ్లు పోంగనే లేచి స్టేషన్‌లకు పోయిండంట మా జకర్యా, ఏ రైలెక్కిండో ఎవ్వలకూ తెల్వది."