చెల్లని చిల్లర

"నాణేలు తీసుకోమండీ. నోట్లుంటే ఇవ్వండి."

ఎయిర్‌పోర్టు బయటి హాల్లో, విదేశీ డబ్బు మార్చే కౌంటరు. అద్దం వెనకున్న అమ్మాయి ఆ మాట అనడం మూడోసారి. అతను వింటేగా! గుడ్డసంచి మూతి విప్పి ఇంకో గుప్పెడు చిల్లర ట్రేలో పోశాడు. పెద్దవీ, చిన్నవీ, మధ్యలో చిల్లున్నవీ, ఏ దేశానివో అంతుపట్టనివీ.

"అబ్బో! ప్రపంచమంతా చుట్టొచ్చినట్టున్నారే!" అంది ఆ అమ్మాయి. ఒక నాణెం పట్టుకు చూసి, వెంటనే టిష్యూతో వేళ్ళు తుడుచుకుంది. "ఇదేంటి, తడిగా ఉన్నాయి?"

"కడిగానమ్మా. మురికిగా ఉన్నాయని."

"పాస్‌పోర్ట్ ఉందా?"

అతను ఉత్తినే జేబులు తడుముకున్నాడు.

"హోటల్లో మర్చిపోయారా? అది లేకపోతే నోట్లు కూడా మార్చం. పక్కకి జరగండి, నెక్స్ట్!"

జేబులో ఫోను మోగింది. భార్య.

"ఎక్కడున్నారు? పాపకి ఒళ్ళు కాలిపోతోంది. ఆ ఇంజెక్షన్ ఇక్కడ లేదట, బయట కొనుక్కు రమ్మంటున్నారు. నర్సు ఇందాకట్నించి అడుగుతూనే ఉంది. ఈ ఊళ్ళో మనకెవరున్నారండీ, నేనెవర్ని అడగను?"

"తెస్తున్నా. ఏడవకు. తెస్తున్నా."

తెస్తానన్నాడే గానీ, ఎలా? మందుల షాపువాడు అప్పివ్వనని మొహం మీదే చెప్పాడు. చేతిలో సంచి చెయ్యి లాగేస్తోంది, దాంతో ఒక్క సూదిమందు రాదు. అంతకంటే దిక్కుమాలిన బరువు ఇంకోటి ఉంటుందా!

ఇక సిగ్గు విడిచాడు. క్యూలో ఉన్నవాళ్ళ కాళ్ళావేళ్ళా పడ్డాడు. "అయ్యా, ఇవి మీ దేశానివేమో చూడండి. మీ ఊరెళ్ళాక చెల్లుతాయి. నాకు ఇక్కడి నోట్లిస్తే చాలు." ఒకాయన పెట్టె దగ్గరికి లాక్కున్నాడు. ఒకావిడ వినపడనట్టే ఫోను చూసుకుంది.

చివర్న నిలబడ్డ పెద్దావిడ మాత్రం కళ్ళజోడు సర్దుకుని సంచిలోకి తొంగిచూసింది.

"వీటిలో మా దేశానివి చాలానే ఉన్నాయే! ఏమైంది నాయనా?"

చెప్పాడు. కూతురి జ్వరం గురించీ, ఇంజెక్షన్ గురించీ.

"అయ్యో! నాదీ ఇంచుమించు అదే బాధ" అంది ఆవిడ. "వద్దువద్దంటున్నా వినకుండా మా ఆయనే నన్ను టూరుకి పంపారు. మొన్న మెట్ల మీంచి పడ్డారట. రేపే తలకి ఆపరేషన్. అంతా మధ్యలో వదిలేసి పోతున్నా."

మార్చుకుందామని పట్టుకున్న ఇక్కడి నోట్లన్నీ అతని గుప్పిట్లో కుక్కింది.

"కొనేటప్పుడొక రేటు, తిరిగిస్తే ఇంకో రేటు! వీళ్ళ మొహాన కొట్టేకంటే నీకివ్వడం నయం. లెక్క చూడకు, ముందు మందు కొను."

అతను ఆవిడ దేశపు నాణేలన్నీ ఏరి ఆవిడ బ్యాగులో వేశాడు. వాటిలోంచి ఒకటి తీసి ఆవిడ తిరిగి అతని అరచేతిలో పెట్టింది.

"పెద్ద పార్కు ముందు ఫౌంటెన్ లేదూ? దీన్ని అందులో వేసి నీ బిడ్డని తలుచుకో. నిన్న సాయంత్రం మా ఆయన కోసం నేనూ వేశా, అచ్చం ఇలాంటిదే. నవ్వకు. పిచ్చి నమ్మకమే, నాకూ తెలుసు. కానీ ఇప్పుడు నాకున్న ధైర్యమల్లా అదొక్కటే."

అతను నవ్వలేదు. తలెత్తి ఆవిడ మొహం చూడలేకపోయాడు. దండం పెట్టి బయటపడ్డాడు.

మందు కొన్నాడు. ఆస్పత్రి వైపు పరుగెత్తాడు.

పార్కు దగ్గర ఒక్క క్షణం ఆగి, కళ్ళు మూసుకుని, ముందు ఆవిడ భర్త కోసం, ఆ తర్వాతే కూతురి కోసం మొక్కుకుని, ఆ నాణేన్ని, పొద్దున తను మోకాళ్ళ లోతు నీళ్ళలో దిగి సంచి నింపుకున్న ఫౌంటెన్‌లోనే వేశాడు.