కుర్చీ దిగితేనే వీడినట్టు

2058 జూన్ ముప్పై. ఆ మధ్యాహ్నం బీరకాయ పచ్చడితో అన్నం తిని తహసీల్దారు కార్యాలయానికి వెళ్ళాను.

ఏ అధికారి ఎప్పుడు పదవి వీడతారోనని ఊరంతా ఫోన్లలో పందేలు కాసే రోజులవి. వీడారో లేదో చూసి నమోదు చేసే సాక్షిని నేను. నా భార్య పోయాక పొద్దు గడవక చేరిన పని. నేను 'వీడారు' అని నొక్కితే పందెం తేలిపోతుంది. సర్కారు యంత్రాలు కూడా ఆ మాటే నమ్మి, ఆ అధికారి సంతకం తీసుకోవడం మానేస్తాయి.

తహసీల్దారు హైమావతి ఉదయమే రాజీనామా చేసింది. సాయంత్రం ఆరులోగా వీడుతుందని చాలామంది కాశారు.

"రాజీనామా ఇచ్చేసింది కదా మేస్టారూ, నొక్కెయ్యండి," అన్నాడు టీకొట్టు గవరయ్య, గుమ్మంలో నిలబడి.

"కుర్చీ దిగాలయ్యా. రూలు అది."

లోపల తౌడమ్మ అనే ముసలామె పింఛను దరఖాస్తులో పుట్టిన తేదీ తప్పుపడింది. హైమావతి దాన్ని ఓపిగ్గా సరిచేస్తోంది.

"జనం కాచుక్కూచున్నారు. దిగిపోనా మేస్టారూ?" అంది నాతో.

"మీ ఇష్టమమ్మా. కూర్చున్నంతసేపూ మీ సంతకం చెల్లుతుంది."

ఆరు దాటాక హైమావతి ఆ దరఖాస్తు మీద సంతకం పెట్టింది. నేను 'వీడలేదు' అని నొక్కాను.

"నా పందెం ముంచేశారు కదండీ," అన్నాడు గవరయ్య, తౌడమ్మకు టీ అందిస్తూ.

హైమావతి కుర్చీలోంచి లేచింది. అందరం బయటికి వచ్చాక అటెండరు దీపం ఆర్పి, చప్పుడు కాకుండా తలుపు మూశాడు.