ఉప్పు లేని వంట

చిన్నవెంకటమ్మ ఉప్పు జాడీని తీసుకుపోయి పక్కింట్లో పెట్టి వచ్చింది.

కోడలు నేత్రావతికి ఆరో నెల. పెళ్లయిన తొమ్మిదేళ్లకు నిలిచిన కడుపు. బీపీ ఎక్కువగా ఉందని, ఉప్పు తగ్గించకపోతే తల్లికీ బిడ్డకీ ప్రమాదమని ఆస్పత్రిలో చెప్పారు.

ఆ రోజు నుంచి ఇంట్లో అందరికీ చప్పిడి కూడే. సంగటి చప్పన, పులుసు చప్పన. కొడుకు అంబరీష్ వంక పెట్టకుండా తిని పోయేవాడు.

క్యాను నీళ్లలో సత్తువ ఉండదని చిన్నవెంకటమ్మ నమ్మకం. ఏటి ఒడ్డున తమ బావిలో నీళ్లు చేదుకొచ్చి, గంటకోసారి చెంబుతో కోడలి పక్కన కూర్చునేది.

"తాగమ్మా. ఒంట్లో ఉండే చెడంతా పోతాది."

"ఇంగ చాలత్తా."

"నా కోసం ఒక్క గుటక."

నేత్రావతి తాగేది.

అయినా కాళ్లు ఉబ్బాయి. బీపీ దిగలేదు. చూడటానికి వచ్చిన నర్సు శశి కోప్పడింది. "మీ కోడలు యాడో ఉప్పు తింటా ఉండాది. కనిపెట్టి చూడండమ్మా."

ఏడో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. ఆడపిల్ల.

"ఒక్క ఉప్పురాయి గూడా ముట్టలేదత్తా," అంది నేత్రావతి, ఆస్పత్రి మంచం మీద.

చిన్నవెంకటమ్మ ముఖం తిప్పుకుంది. దొంగతనంగా ఊరగాయ తినే ఉంటుందని నలుగురిలోనూ అంది. ఆ మాట చెవిన పడ్డాక నేత్రావతి పుట్టింటికి వెళ్లిపోయింది. అంబరీష్ రెండుసార్లు పోయి పిలిచినా రాలేదు.

ఎండాకాలంలో వాళ్ల మల్బరీ తోటలో ఆకుల అంచులు మాడిపోసాగాయి. పట్టుపురుగులు ఆ ఆకు ముట్టలేదు. అంబరీష్ పట్టు పరిశ్రమ అధికారి పురుషోత్తమ్‌ను పిలుచుకొచ్చాడు. తోటకు పారే ఆ ఏటి ఒడ్డు బావి నీళ్లను ఆయన పరీక్షకు పంపించి, వారానికి రిపోర్టుతో మళ్లీ వచ్చాడు.

"తప్పు నీది కాదప్పా. ఎగువన టమోటా తోటలు ఎక్కువైనాయి. వాటికి కట్టిన నీళ్లు నేలలో ఉండేదీ, ఎరువుల్లో ఉండేదీ కరిగించుకుని ఏట్లోకి దిగతా ఉండాయి. ఏటి ఊటే మీ బావికి వచ్చేది. ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా పెరిగినాది, అందుకే మీ నాలుకకు తెలీలేదు."

"ఏం పెరిగినాది సార్?" గడపలో నిలబడిన చిన్నవెంకటమ్మ అడిగింది.

"ఉప్పమ్మా, ఈ బావిలో చేదిన ప్రతి చెంబు నీళ్లలోనూ చిటికెడు ఉండాది."